రాత్రిగారి వారం

“ఏమండీ, మీ నక్షత్రం పక్కన ఇంకో నక్షత్రం ఉంది. ఇందులో మీది ఏది?”

హెడ్‌ఫోన్లో ఆ గొంతు వినగానే మనవాడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“పంపిన వివరాల్లో ఉందండీ.”

“వివరాల్లో ఒకటే ఉంది. ఇక్కడ ఆకాశంలో రెండున్నాయి. ఆకాశాన్ని దిద్దమంటారా, మీరు వివరాలు దిద్దుకుంటారా?”

“కాస్త... కాస్త వెలుగెక్కువ ఉన్నది.”

“రెండూ కవల పిల్లల్లా ఉన్నాయండీ. నేను అడక్కుండా ఎడంవైపుదానికి గురిపెట్టి ఉంటే ఏమయ్యేది? పక్కింటివాళ్ళ నాడి చూసి మీవాళ్ళకి జ్వరమని చెప్పేవాళ్ళం.”

మనవాడు కంగారుగా పటాలు తిరగేశాడు. “కుడివైపుది” అన్నాడు.

“ఖాయమా?”

“కుడివైపుదే!”

పక్క టేబుళ్ళ దగ్గర తలలు లేచాయి. ఆ గదిలో చేరినప్పటి నుంచి అతను అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

“ఖాయమా అన్నాను, అరవమనలేదు” అంది ఆ గొంతు. “సరే, కెమెరా తెరుస్తున్నాను.”

మనవాడికి చెవులు ఎర్రబడ్డాయి. ఎదుట మనిషి లేకపోయినా చెవులు ఎర్రబడటం అతని ప్రత్యేకత.

ఇక్కడ మధ్యాహ్నం. అక్కడ, భూమికి అవతలి వైపు ఒక కొండ మీద, రాత్రి. టెలిస్కోపు ఆ కొండ మీద ఉంది. దాన్ని తిప్పేది ఆమె, నైట్ ఆపరేటరు. ఏ నక్షత్రాన్ని చూడాలో ఇక్కడ ఆఫీసు మూడో అంతస్తులో కూర్చుని చెప్పేది మనవాడు. మధ్యలో ఉన్నది ఒక కంప్యూటరు లైను, రెండు గొంతులు.

మనవాడి పని గ్రహాలు ఖాయం చేయడం. పెళ్ళిచూపుల్లో నచ్చినంత మాత్రాన సంబంధం ఖాయమవదు కదా, ఇదీ అంతే. అంతరిక్షంలో తిరిగే ఒక టెలిస్కోపు ఆ నక్షత్రాన్ని చూస్తుండగా దాని వెలుగు కాసేపు రవ్వంత తగ్గింది. అది వేరే వైపులు చూసి, చాలాకాలం తర్వాత మళ్ళీ ఇటు తిరిగినప్పుడు ఇంకోసారి అలాగే తగ్గింది. ఏదో గ్రహం అడ్డంగా వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళకపోయీ ఉండొచ్చు. నిజంగా గ్రహమే ఉంటే, అది చుట్టూ తిరుగుతూ నక్షత్రాన్ని కూడా తనవైపు కాస్త లాగుతుంది. ఆ లాగుడుకి నక్షత్రం మన వైపు కొంచెం, అవతలికి కొంచెం ఊగుతుంది. మహా అయితే సైకిలు తొక్కేవాడి వేగం. నక్షత్రం వెలుగుని రంగులుగా విడదీసి, అందులోని గీతలు ఎటు జరిగాయో చూసి ఆ వేగం కొలవాలి. ఊపు కనబడితే గ్రహం ఖాయం. కనబడకపోతే సంబంధం తప్పిపోయినట్టే.

ఒక్కో కొలతకి అరగంటకు పైగా కెమెరా తెరిచి ఉంచాలి. ఆ సేపంతా ఇద్దరికీ చేసేదేమీ ఉండదు. కానీ లైను తెంచకూడదు. మబ్బు వస్తే ఆమె చెప్పాలి, ఆపాలా వద్దా అని అతను చెప్పాలి. ఈ కథలో జరిగినదంతా దాదాపుగా ఆ అరగంటల్లోనే జరిగింది.

మొదటి రోజు అరగంట మౌనంగా గడిచింది. రెండో రోజు ఆమెకి ఓపిక అయిపోయింది.

“అక్కడ ఇప్పుడు ఏముందండీ?”

“అంటే?”

“మీ కిటికీలోంచి చూసి చెప్పండి. నేను పగలు చూసి చాలా రోజులైంది. నేను నిద్ర లేచేసరికి సూర్యుడు దుకాణం కట్టేస్తుంటాడు.”

మనవాడు కిటికీ వైపు చూశాడు. ఆ కిటికీ అతని పక్కనే ఉంది. అయినా అందులోంచి బయటికి చూడటం అదే మొదలు.

“వాన పడుతోంది. ఒకాయన గొడుగు తిరగబడింది. దాన్ని సరిచేసుకునే లోపు బస్సు వెళ్ళిపోయింది. ఇప్పుడు గొడుగుని తిడుతున్నాడు.”

“తిట్టాల్సింది బస్సుని కదా?”

“బస్సు దొరకలేదు కదండీ. చేతికి దొరికినవాళ్ళనే తిడతారు.”

ఆమె నవ్వింది. చిన్న నవ్వు కాదు, మైకు గరగరలాడేంత నవ్వు. మనవాడు బిత్తరపోయాడు. తన మాటకి ఎవరైనా నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు లేదు.

నిజం చెప్పాలంటే ఆ ఊళ్ళో అతనితో మాట్లాడేవాళ్ళే తక్కువ. అద్దెగదిలో ఒక మంచం, ఒక కప్పు, ఒక కంచం. కూరగాయల షాపువాడు కూడా మిషన్ పెట్టేశాడు. బరువు తూచి, రేటు చెప్పి, థాంక్యూ కూడా మిషనే అనేది. ఆఫీసులో ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్ళవి. ఆదివారం సాయంత్రం అక్క ఫోన్ చేస్తే, హలో అన్నప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. అతనికి ఒంటరితనమంటే బాధగా కూడా అనిపించేది కాదు. అలవాటైపోయింది. అదీ అసలు భయపడాల్సిన విషయం.

“మీ పేరు స్క్రీన్ మీద బారెడుంది. నాకు నోరు తిరగదు” అంది ఆమె మూడో రోజు. “మిమ్మల్ని పగలుగారూ అంటాను.”

“అయితే మీరు రాత్రిగారు.”

“గారు ఎందుకులెండి, చిన్నదాన్నే.”

“రాత్రి చిన్నదేం కాదు. చలికాలంలో అయితే మరీ.”

“అబ్బో! ఈ మనిషికి మాటలు వచ్చు.”

మాటలు వస్తాయని మనవాడికీ అప్పుడే తెలిసింది.

కొండ మీద టెలిస్కోపుకి నలుగురు ఆపరేటర్లు. వారానికొకరు చొప్పున డ్యూటీ. ఒకరి వారం అవగానే జీపు ఇంకొకరిని తీసుకొచ్చి, వీళ్ళని దింపుకెళ్తుంది. కిందికి వెళ్ళాక ఆమె వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంటుంది.

“ఇంటికెళ్తే బాగుంటుందేమో” అన్నాడు మనవాడు.

“ఏం బాగు! వారం రోజులు రాత్రిళ్ళు మేలుకున్న ఒళ్ళు, ఇంటికెళ్ళగానే మాట వింటుందా? వాళ్ళు లేచే వేళకి నేను పడుకుంటాను. నేను లేచేసరికి వాళ్ళు గిన్నెలు కడిగేసి పడుకుంటారు. నా వాటా అన్నం మీద మూత ఉంటుంది. ఒకే ఇంట్లో ఉండి చుట్టాల్లా కలుసుకుంటాం. కొండ మీదే నయం. కనీసం మీరు మాట్లాడతారు.”

మనవాడు ఏదో అనబోయాడు. అంతలో కెమెరా మూసుకుంది. కొలత పూర్తయింది. తర్వాతి నక్షత్రం ఇంకెవరిదో.

తర్వాతి వారం లైనులో ఇంకో ఆపరేటరు. పాపం మంచివాడే. కానీ ప్రతి మాటకీ ముందొక ఆవలింత, వెనకొక ఆవలింత. “అక్కడ చలిగా ఉందాండీ?” అని మనవాడు మర్యాదకి అడిగితే, “హా...ఆఆ...” అన్నాడు. అది జవాబో ఆవలింతో ఇప్పటికీ తెలియదు.

తనకి ఏ రాత్రులు కావాలో టెలిస్కోపువాళ్ళ షెడ్యూలులో మనవాడే గుర్తు పెట్టుకోవచ్చు. మనవాడు గుర్తులు పెట్టాడు. ఎవరి వారంలో పెట్టాడో నేను వేరే చెప్పాలా? నెలకొచ్చే టైమంతా తీసుకెళ్ళి ఆ ఒక్క వారంలో కుమ్మరించాడు. మిగతా మూడు వారాలు ఖాళీ. ఎవరైనా అడిగితే “గాలి నాణ్యత ఆ వారం బాగుంటుంది” అని చెబుదామని ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ అడగలేదు.

ముందుగా పసిగట్టింది అక్క.

“ఒరేయ్, నువ్వేమైనా మందులు వాడుతున్నావా?”

“మందులేంటక్కా?”

“మూడు వారాలు మౌనవ్రతం. ఆఁ, ఊఁ, సరే, తిన్నాను, ఉంటాను. తర్వాత ఒక వారం ఆగకుండా కబుర్లు. బావగారిని అడుగుతావు, పిల్లదాని స్కూలు అడుగుతావు, గొడుగు జోకులు వేస్తావు. మళ్ళీ మూడు వారాలు మూగనోము. ఎవర్రా ఆ అమ్మాయి?”

“అమ్మాయేంటి? ఏ అమ్మాయీ లేదు.”

“లేకుండా మనిషి ఇలా ఊగడురా. నాకు కనబడకపోతే లేనట్టా?”

మనవాడు సిగ్నల్ సరిగ్గా లేదని ఫోన్ పెట్టేశాడు.

ఆ వారాల కోసం అతను బతకడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి చూసినవన్నీ ఆమె కోసం దాచేవాడు. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేసే ముసలాయన క్లిప్పులన్నీ ఒకే రంగువి వాడతాడని, వాన చినుకులు పడగానే రోడ్డు మీద ఆడపిల్లలు నవ్వుతూ పరిగెడతారని, మగపిల్లలు జుట్టు కాపాడుకుంటారని. ఆమె కొండ సంగతులు చెప్పేది. మేఘం కొండ కింద ఉంటుందట, మనం దాని పైన ఉంటామట. తెల్లారి టెలిస్కోపు మీది డోము మూసి గదికి నడిచేటప్పుడు తన అడుగుల చప్పుడు తప్ప ఇంకేం వినపడదట. అప్పుడు ఆమె ఊరికే తనలో తాను మాట్లాడుకుంటుందట.

“ఏం మాట్లాడుకుంటారు?”

“మీకెందుకు?” అంది. తర్వాత తనే, “మీకు చెప్పాల్సినవే” అంది.

ఆ రోజంతా మనవాడు భోజనం సంగతి మర్చిపోయాడు.

ఒక్కటే చిక్కు. నక్షత్రం ఊగడం లేదు.

నెల తర్వాత నెల కొలుస్తున్నా వేగమంతా ఒక్కటే. చుక్కలన్నీ కాగితం మీద బల్లపరుపుగా పడ్డాయి. గ్రహం ఉన్న జాడే లేదు.

మనవాడి పరిశోధనకి గైడ్ ఒక మేడమ్. విద్యార్థులు ఆమెకి పెట్టుకున్న పేరు కత్తెర మేడమ్. ఎవరు ఏం రాసిచ్చినా సగం కోసి తిరిగిస్తుంది. ఆమె ఆ చుక్కల వంక చూసి పెదవి విరిచింది.

“ఊపు లేదు. అంటే గ్రహం లేదు. ఒకదాన్నొకటి కప్పుకునే ఇంకేదో నక్షత్రాల జంట వెలుగు ఇందులో కలిసి మనల్ని మోసం చేసి ఉంటుంది. వచ్చే రివ్యూలోపు ఏదైనా తేలితే సరి. లేకపోతే ఈ నక్షత్రానికి టెలిస్కోపు టైమ్ ఆపేస్తాను.”

టైమ్ ఆగితే లైను ఆగుతుంది. లైను ఆగితే రాత్రిగారు లేరు. గ్రహం పోతే పోయింది అనుకోలేని పరిస్థితి. ఆ గ్రహం ఉంటేనే ఆమె ఉంటుంది.

“దిగులుగా ఉన్నారేంటి?” అని అడిగింది ఆమె.

“గ్రహం లేదంటున్నారు మా మేడమ్.”

“ఉంది.”

“మీకెలా తెలుసు?”

“తెలీదు. ఉంటే బాగుణ్ణని.” ఆమె గొంతు తగ్గింది. “మీ నక్షత్రం అలవాటైపోయింది నాకు.”

నక్షత్రమా, నేనా అని అడగాలనుకున్నాడు. ధైర్యం గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంది.

రివ్యూకి ముందు కత్తెర మేడమ్ ఆ కొలతలన్నీ తన గదిలో మరోసారి పరిచింది. మనవాడు ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఈసారి చుక్కల్ని చూడలేదు, తేదీల్ని చూసింది. చూస్తూ చూస్తూ కళ్ళజోడు తీసింది.

“ఇదేంటి?”

“ఏంటి మేడమ్?”

“నాలుగు వారాల్లో ఎప్పుడూ ఒకే వారం కొలిచావు. ప్రతిసారీ అదే వారం. ఎందుకు?”

“గాలి నాణ్యత...”

“గాలి కూడా డ్యూటీ చార్టు చూసుకుని వీస్తుందా?” మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. “ఇలా చూడు. ఒకాయన రోజూ పొద్దున ఇంట్లో ఉంటాడు, మధ్యాహ్నం ఆఫీసుకెళ్తాడు, సాయంత్రం షికారుకెళ్తాడు. నువ్వు ఎప్పుడెళ్ళినా పొద్దునే వెళ్ళి తలుపు కొడతావు. ఏమనుకుంటావు?”

“ఆయన ఇల్లు కదలడనుకుంటాను.”

“గ్రహం ఒక చుట్టు తిరగడానికి సుమారు నాలుగు వారాలు పట్టిందనుకో. నువ్వు ఎప్పుడు చూసినా అది దారిలో అదే మూలన ఉంటుంది. నక్షత్రం అదే వేగంతో అవతలికి జరుగుతుంటుంది. ఊపు ఎలా కనబడుతుంది? మిగతా మూడు వారాలు చూశావా అసలు?”

మనవాడు నోరు తెరిచాడు. ఆ లోపే చెవులు మాట్లాడేశాయి. మేడమ్ ఆ చెవుల్ని చూసింది, డ్యూటీ చార్టు చూసింది, మళ్ళీ చెవుల్ని చూసింది. ఆమె కత్తెర అయినా మనిషే. ఇంకేమీ అడగలేదు.

“ఇకనుంచి ఆ వారం తప్ప మిగతావన్నీ నీవి” అని మాత్రం అంది. “ఆ వారం వద్దు అని షెడ్యూలువాళ్ళకి స్పష్టంగా చెప్పు.”

చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: ఆ వారం వద్దు. ఎందుకు వద్దో చెప్పలేదు. చెబితే ఇన్నాళ్ళూ అదే వారం ఎందుకు కావాలన్నాడో కూడా చెప్పాలి. ఆమెకి ముందుగా ఒక మాట చెబుదామనుకున్నాడు. ఎలా చెప్పాలో తోచక రేపు, రేపు అనుకున్నాడు. ఆ లోపు ఆమె వారం వచ్చి వెళ్ళిపోయింది.

ఆ వారం చివర ఆమె నుంచి ఒక మెసేజ్ వచ్చింది. వాళ్ళ మధ్య మెసేజ్ అదే మొదటిది.

“నా డ్యూటీలో టైమ్ వద్దని మీరే రాశారట. మా మేనేజరు పిలిచి, ఏం తప్పు చేశావని అడిగారు. నాకే తెలీదని చెప్పాను. నా పనిలో లోపముంటే నాతోనే చెప్పాల్సింది పగలుగారూ. దిద్దుకునేదాన్ని.”

మనవాడు ఆ మెసేజ్ ఆఫీసులో చదివాడు, మెట్ల మీద చదివాడు, గదిలో చదివాడు. జవాబు రాశాడు, చెరిపాడు. మళ్ళీ రాశాడు. మీ పనిలో లోపం లేదు, నా బుర్రలో ఉంది అని రాశాడు. అది ఆమెకి జోకులా కనబడితే? చెరిపేశాడు. ఒక మనిషి పగలు ఎలా ఉందో చూసి చెప్పమని తనని అడిగింది. తనేమో ఆ మనిషికి ఆఫీసులో చీవాట్లు పెట్టించాడు. ఆ రాత్రి అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మిగతా వారాలు నడిచాయి. ఆవలింతలాయనతో కొలిచాడు. ఇంకో ఇద్దరితో కొలిచాడు. అరగంటలు గంటల్లా సాగేవి. బయట వాన పడితే ఎవరికి చెప్పాలి? కిటికీకి తెర దించేశాడు.

మేడమ్ అన్నట్టే నక్షత్రం కదిలింది. ఒక వారం అవతలికి, తర్వాత నిలకడగా, తర్వాత ఇవతలికి. చుక్కలన్నీ కలిపితే చక్కటి అలలా వచ్చింది. చుట్టు పూర్తవడానికి నాలుగు వారాలు. వెలుగు తగ్గిన రెండు తేదీలూ అందులో చక్కగా ఇమిడాయి. గ్రహం ఉంది. భూమ్మీద ఆ సంగతి తెలిసిన మొదటి మనిషి మనవాడే.

అతను చుట్టూ చూశాడు. అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకుంటున్నారు. మెట్లు దిగి బయటికి వెళ్ళి అక్కకి ఫోన్ చేశాడు.

“అక్కా, గ్రహం దొరికింది.”

“అరె, కంగ్రాట్స్‌రా! మరి ఏడుపుగొంతేంటి?”

అంతే. రోడ్డు పక్క నిలబడి మొత్తం చెప్పేశాడు. గొడుగు దగ్గర్నుంచి మెసేజ్ దాకా. అక్క మధ్యలో ఒక్క మాటా మాట్లాడలేదు. అది ప్రపంచంలో ఎనిమిదో వింత.

“నువ్వు అంత దూరంలో ఉన్న నక్షత్రం కదిలితే కనిపెడతావు గానీ, ఒక పిల్ల మనసు నొచ్చుకుంటే నోరు విప్పలేవుట్రా?” అంది చివరికి. “వెళ్ళి చెప్పు. నలుగురిలో ఆమెకి మాట వచ్చింది. నలుగురిలోనే తీసెయ్.”

రివ్యూ మీటింగు వీడియోలో జరిగింది. కత్తెర మేడమ్, కొండ మేనేజరు, షెడ్యూలువాళ్ళు, ఆపరేటర్లు. ఒక మూల గడిలో ముఖం లేకుండా ‘నైట్ ఆపరేటర్’ అని మాత్రం ఉంది. మనవాడు అల చూపించాడు. అందరూ బాగుందన్నారు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

“అంతా బాగుంది. ఒక చిన్న విషయం. మా ఆపరేటరు వారం వద్దని మీ టీము అడిగింది. ఆమె ఫైల్లో అది చేరింది. కారణమేంటో తెలిస్తే...”

కత్తెర మేడమ్ ఏదో చెప్పబోయింది. “నేను చెబుతాను మేడమ్” అన్నాడు మనవాడు.

గొంతు వణికింది. వణికితే వణికింది.

“ఆమె పనిలో ఏ తప్పూ లేదండీ. ఈ నక్షత్రం పక్కన కవల ఉందని మొదటి రోజే పట్టుకున్నది ఆమే. లేకపోతే మనం ఇన్నాళ్ళూ వేరే నక్షత్రాన్ని కొలుస్తూ ఉండేవాళ్ళం. తప్పు నాది. ఆమె డ్యూటీ ఉన్న వారాల్లోనే కొలుస్తూ వచ్చాను. గ్రహానికీ ఆమె డ్యూటీకీ ఒకే లెక్క కుదిరింది, అందుకే ఇన్నాళ్ళూ గ్రహం కనబడలేదు.”

“ఆ వారాల్లోనే ఎందుకు?” మేనేజరు అమాయకంగా అడిగాడు.

మనవాడు ఆ మూల గడి వైపు చూశాడు.

“ఆమెతో మాట్లాడాలని. నాకు ఈ ఊళ్ళో మాట్లాడేవాళ్ళు లేరండీ. ఆమెతో మాట్లాడిన వారమే నాకు వారంలా ఉండేది. అందుకని.”

ఎవరో దగ్గారు. ఆవలింతలాయన ఆవలింత మధ్యలో ఆగిపోయింది. మేనేజరు ముఖంలో రంగులు మారాయి. “ఆఁ, అయితే... ఫైల్లోంచి తీసేస్తాను” అన్నాడు.

మూల గడి మాయమైపోయింది. ఆమె మీటింగులోంచి వెళ్ళిపోయింది.

మెసేజ్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మనవాడు ఈసారి తెర ఎత్తి కిటికీ దగ్గరే కూర్చున్నాడు, కానీ బయట ఏం జరిగినా అతనికి పట్టలేదు.

కత్తెర మేడమ్ పిలిచింది.

“గ్రహం మళ్ళీ నక్షత్రానికి అడ్డం వచ్చే రోజు నీ లెక్క ప్రకారం దగ్గర్లోనే ఉంది. ఆ రాత్రి వెలుగు తగ్గిందంటే ఇక ఎవరూ కాదనలేరు. ఎవరో ఒకరు కొండ మీద ఉంటే మంచిది. నువ్వు వెళ్ళు.”

“ఇక్కడి నుంచే చూడొచ్చు కదా మేడమ్?”

“చూడొచ్చు” అంది మేడమ్. “జీపు వారానికొకసారే పైకి వెళ్తుందట. ఆ రోజు ఎవరు దిగుతారో, ఎవరు ఎక్కుతారో నాకు తెలీదు. నాకు అనవసరం కూడా.” ఆమె నవ్వడం మనవాడు చూసింది అప్పుడే.

అతనికి తెలుసు. గ్రహం అడ్డం వచ్చేది ఆమె వారం అయిపోయిన తర్వాతి వారంలో. అంటే అతన్ని తీసుకెళ్ళే జీపే ఆమెని దింపుకెళ్తుంది. సామాను మార్చుకునే అరగంట దొరుకుతుంది. విమానంలో, బస్సులో, దారంతా ఆ అరగంటలో చెప్పాల్సిన మాటలు వరుసలో పెట్టుకున్నాడు.

జీపులో డ్రైవరు, పక్కన ఆవలింతలాయన, వెనక మనవాడు. సగం కొండ ఎక్కాక వాన మొదలైంది. రోడ్డు మీద రాళ్ళు పడితే దిగి ముగ్గురూ తొలగించారు. పైకి చేరేసరికి అరగంట మాట దేవుడెరుగు, సాయంత్రమైపోయింది.

“మంచు దిగుతోంది. బండి ఆపను. దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళు ఎక్కండి” అన్నాడు డ్రైవరు.

వరండాలో సంచి పక్కన పెట్టుకుని ఒకామె నిలబడి ఉంది. పెద్ద స్వెట్టరు, మునివేళ్ళ దాకా వచ్చే దాని చేతులు. నిద్ర చాలని కళ్ళు. మనవాడు సంచితో జీపు దిగాడు. వరుసలో పెట్టుకున్న మాటలన్నీ రాళ్ళతో పాటు లోయలోకి పోయాయి.

“రాత్రిగారేనా?” అన్నాడు.

ఆమె అతన్ని కిందినుంచి పైకి చూసింది. “గొంతు ఇంకొంచెం లావు మనిషిదనుకున్నాను.”

“అందరిలో అలా మాట్లాడినందుకు కోపం వచ్చిందా?”

“మెసేజ్‌కి జవాబివ్వనందుకు వచ్చింది.” ఆమె గొంతు గట్టిగానే ఉంది, కళ్ళు మాత్రం నిండాయి. “నాలుగు వారాలు. కింద పిన్ని ఇంట్లోనూ, ఇక్కడ పొద్దున గదికి నడుస్తూనూ మీతో పోట్లాడుకున్నాను. మీ జవాబులు కూడా నేనే చెప్పుకున్నాను. అన్నీ నేనే.”

“రాయడం చేతకాలేదండీ. రాశాను, చెరిపాను. మిమ్మల్ని పోగొట్టుకుంటానని భయమేసింది. భయపడి నేనే పోగొట్టుకున్నాను.”

“మరి ఆ రోజు మీటింగులో?”

“అప్పటికే పోయారనుకున్నాను. ఇంక భయమెందుకు?”

డ్రైవరు హారన్ కొట్టాడు.

మనవాడు తన సంచి మళ్ళీ జీపులో పెట్టేశాడు. “నేను మీతో కిందికి వస్తాను.”

“ఎల్లుండి మీ గ్రహం వస్తోందిగా?”

“మళ్ళీ నాలుగు వారాలకి వస్తుంది. తప్పకుండా వస్తుంది. కొలిచాం కదా.”

“నేను వస్తానో రానో కొలిచారా?”

“లేదండీ. మీ గురించి నాకేం తెలీదు. మీరు వద్దంటే దారి మధ్యలో దిగిపోతాను.”

ఆమె తల పక్కకి తిప్పి కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలియకుండా స్వెట్టరు చెయ్యి అడ్డొచ్చింది. తర్వాత ఆవలింతలాయన వైపు తిరిగింది.

“అన్నా, ఈ వారం డ్యూటీ నేను...”

“ఉంటానంటావా?” ఆయన ఆమెని మాట పూర్తి చేయనివ్వలేదు. అప్పుడే దించుకున్న పరుపుచుట్ట జీపులోకి విసిరి, తనూ ఎక్కి తలుపేసుకున్నాడు. ఆయన అంత చురుగ్గా కదలడం ఆ కొండ మీద ఎవరూ చూసి ఉండరు. “నీ వచ్చే వారం నాది. పోనీవయ్యా డ్రైవరూ, మళ్ళీ మనసు మార్చుకుంటుంది!”

జీపు మంచులోకి దిగిపోయింది. ఒక్క నిమిషం ఆగి మళ్ళీ వెనక్కి వచ్చింది. డ్రైవరు చెయ్యి బయటికి వచ్చి మనవాడి సంచి కింద పెట్టి వెళ్ళిపోయింది.

వంటగదిలోంచి వంటాయన తల బయటపెట్టి, “రాత్రికి ఎంతమందికి?” అని అరిచాడు.

“ఇద్దరికి” అంది ఆమె. తర్వాత మనవాడి సంచి ఒక చేత్తో అందుకుని, “రండి” అంది. “మూత పెట్టిన అన్నం కాదు. వేడిగా తిందాం.”